వేసవి చివరి పండ్ల గంప

(కుటుంబ వేదపాఠము)

చదువవలసిన భాగములు: ఆమోసు 8:1–7, లేవీయకాండము 19:9–14, ద్వితీయోపదేశకాండము 24:14–22, 1 సమూయేలు 2:18–19, అపొస్తలుల కార్యములు 9:36–43.



రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. ఆ ఎండలు తగ్గుముఖము పట్టి, మృగశిర ప్రవేశించుటకు ముందున్న పది పండ్రెండు దినములు మన ఇండ్లలో తొందర దినములు. ఆవకాయ జాడీలకు వాసెనలు కట్టుట అప్పటికి ముగియును. వానలు పడక మునుపే పాత చీరలతో బొంతలు కుట్టించుకొనవలెను. బడులు తెరువక మునుపే పిల్లల యూనిఫారముల మడతలు విప్పి, పొడవు పెంచి, ఊడిన గుండీలు వేయవలెను. పిల్లలకైతే ఈ తొందర ఏమియు పట్టదు. నేరేడు చెట్టు క్రింద, ఈత గుబురులలో, కలివి పొదల మధ్య వారి లోకము వారిది. మిగిలిన సెలవులను పండ్లతోపాటు తిని ముగింపవలెనని వారి ఆశ.

ఈ నెల పాఠమును మా ఇంటి వరండాలో జరిగిన ఒక సంగతితో ఆరంభించుచున్నాను. అది నాకు గౌరవము తెచ్చు సంగతి కాదు. అయినను దానిని దాచి, వాక్యము మాత్రము మీకు బోధించుట న్యాయము కాదని నా మనస్సాక్షి చెప్పుచున్నది.

1. పొద యొద్ద

మాది కనిగిరి ప్రాంతపు మెట్ట గ్రామము. నేను బడిలో ఉపాధ్యాయినిని. మా ఊరికి పడమట ఒక రాళ్లగుట్ట, దాని చుట్టును పోరంబోకు నేల ఉన్నవి. అక్కడ పెరుగు వాటిలో ఎక్కువ భాగము కలివి పొదలే. కలివికి ఆకు చిన్నది, ముల్లు పెద్దది. కాయ కోయగానే తెల్లని పాలు కారి వ్రేళ్లకు జిగురుగా అంటుకొనును. పచ్చిగా నున్నప్పుడు పులుపు. ఎర్రబారి, పిమ్మట నల్లబడినప్పుడు తీపి. పొద మీది కాయలన్నియు ఒక్క దినమున పండవు. నేడు నల్లబడినవి నేడు కోసికొన్నచో, రేపటికి మరికొన్ని సిద్ధమగును. కావున పొదను ఎరిగినవారు నల్లనివి ఏరుకొని ఎర్రనివాటిని విడిచిపెట్టుదురు.

ఈ పొదను నమ్ముకొని బ్రదుకు పక్షి కూడ ఒకటి ఉన్నది. దానిని మన ప్రాంతపువారు కలివికోడి అందురు. 19వ శతాబ్దిలో జెర్డన్ అను ఆంగ్లేయుడు దానినిగూర్చి వ్రాసెను. 1900 తరువాత అది ఎవరికిని కనబడకపోగా, నశించినదని పండితులు తలంచిరి. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతపు ముళ్ల పొదలలో అది మరల కనబడెను. మనుష్యులు లేదనుకొన్న పక్షికి దేవుడు ఆ ఎనుబది ఏండ్లును ఆ పొదల మాటుననే ఆహారము పెట్టుచుండెను. ముళ్ల పొదను వట్టి పొద అని చులకనగా చూడరాదని నాకు ఈ సంగతి వలన తెలిసినది.

జూన్ మొదటి వారమున ఒక ఉదయమున మా పిల్లలు ముగ్గురును గుట్టకు పోయిరి. పండినవి ఏరుకొను ఓపిక వారికి లేకపోయెను. పొదల క్రింద పాత దుప్పటి పరచి, కర్రతో బాది, నల్లనివి ఎర్రనివి అను భేదము లేక సమస్తమును దులిపి, నిండు గంపతో ఇంటికి వచ్చిరి. చేతుల నిండ గీతలు, ముఖముల నిండ సంతోషము. నేనును సంతోషించి, "మంచి పని చేశారు" అని మెచ్చుకొంటిని. ఇరుగుపొరుగు ఇండ్లకు రెండేసి గ్లాసులు పంపితిని.

ఆ సాయంకాలము మా వీధి చివరనున్న అవ్వ మనుమరాలు ఖాళీ తట్టతో మా వాకిట నిలిచి మంచినీళ్లు అడిగెను. మా చిన్నది దోసెడు పండ్లు తెచ్చి ఇయ్యబోగా ఆ బిడ్డ చేయి చాపలేదు. "నాకొద్దు. రేపటికి గూడా లేవని మా అవ్వకు చెప్పాల" అని మాత్రము పలికి వెళ్లిపోయెను.

నేను విచారింపగా సంగతి తెలిసినది. అవ్వయు మనుమరాలును ప్రతి ఉదయము చీకటితోనే గుట్టకు పోయి, పండినవి ఏరుకొని, కనిగిరి బస్‌స్టాండు యొద్ద గ్లాసుల లెక్కన అమ్ముచుండిరట. ఆ దినమున అవ్వకు మోకాళ్ల నొప్పి వలన వారు ఆలస్యముగా పోయిరి. ఆ బిడ్డ ఆరవ తరగతికి హాస్టలులో చేరవలసియున్నది. ట్రంకుపెట్టె, పళ్లెము, గ్లాసు, దుప్పటి ఈ రెండు మూడు వారముల కలివి పండ్లతోనే కొనవలెనని వారి ఆలోచన. మా పిల్లలు ఆ వారపు పంటను ఒక్క పూటలో దులిపి తెచ్చిరి.

2. ఆమోసు చూచిన గంప

ఆమోసు ప్రవక్త తెకోవ గ్రామస్థుడు. యూదాలో ఉజ్జియాయు, ఇశ్రాయేలులో రెండవ యరొబామును ఏలుచున్న దినములలో, అనగా క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్దిలో, దేవుడు అతనిని పిలిచెను. తాను ప్రవక్తల వంశమువాడు కాడనియు, పశువులను కాచుకొనుచు మేడిపండ్ల పని చేసికొను సామాన్యుడననియు అతడే చెప్పుకొనెను (7:14). ఆ దేశపు మేడి పేదవారి పండు. కాయకు కత్తితో గాటు పెట్టినగాని అది చక్కగా పండదు. ఒక్కొక్క కాయకు ఒక్కొక్క గాటు పెట్టుచు చెట్టంతయు తిరుగుట ఎంత ఓపికతో కూడిన పనియో ఆలోచించుడి. పండు విలువయు, పండు వెనుకనున్న చేతి విలువయు ఎరిగినవాడు ఆమోసు.

అట్టివానికి దేవుడు ఎనిమిదవ అధ్యాయములో చూపినదేమి? సింహాసనము కాదు, మెరుపు కాదు. ఎండకాలపు పండ్లు నిండిన ఒక గంప. ఏమి చూచుచున్నావని దేవుడు అడుగగా అతడు చూచినదే చెప్పెను. అప్పుడు తన ప్రజలకు అంతము వచ్చినదని దేవుడు సెలవిచ్చెను. హెబ్రీ భాషలో ఎండకాలపు పండ్లను కయిస్ అందురు. అంతమును కేస్ అందురు. రెండు మాటలును చెవికి ఒక్కటిగా వినబడును. పండ్లు అని ప్రవక్త పలుకగానే, అంతము అను మాట దానిలోనే మ్రోగినది.

ఈ మాట ఇశ్రాయేలీయులకు ఎందుకు గట్టిగా తగులునో ఒక పాత శిల తెలుపుచున్నది. 1908లో గెజెరు అను ప్రాచీన పట్టణపు త్రవ్వకములలో చిన్న సున్నపురాతి పలక దొరికెను. అది క్రీస్తుకు పూర్వము 10వ శతాబ్దికి చెందినదని పండితుల అభిప్రాయము. దానిమీద సేద్యపు సంవత్సరములోని పనులు నెలల వరుసలో చెక్కబడియున్నవి: కూర్పు, విత్తుట, యవల కోత, ద్రాక్షతోట పని మొదలైనవి. అన్నిటికంటె చివర ఉన్నది ఎండకాలపు పండ్ల నెల. దాని తరువాత ఆ పలకమీద ఏ పనియు లేదు. వారి ఇండ్లలోనికి పండ్ల గంప వచ్చినదనగా సంవత్సరము ముగిసినదన్నమాట. ఇక చేయవలసిన పని ఉండి చేయనిచో, దానికి కాలము మిగులలేదు. యిర్మీయా 8:20లో ప్రజలు ఏడ్చుచు చెప్పుకొనునది ఇదియే: కోతయు పోయెను, వేసవియు పోయెను, మనకు మాత్రము విడుదల కలుగలేదని.

అయితే దేవుని కోపమునకు కారణమేమి? పండ్లు పండుట దోషము కాదు. గంప నిండుట దోషము కాదు. 4వ వచనము మొదలుకొని చదువుడి. విశ్రాంతి దినము ఎప్పుడు ముగియునా, ధాన్యపు కొట్లు ఎప్పుడు తెరుతుమా అని వర్తకులు తహతహలాడిరి. కొలత కుంచమును చిన్నది చేసిరి, తూకపు రాళ్లను పెద్దవి చేసిరి, తాలు గింజలను అమ్మిరి, చెప్పుల జత వెలకు పేదవానిని కొనిరి. వారు గుడికి పోవుట మానలేదు. పండుగలు ఆచరించుట మానలేదు. వారి గంపలో ఇంకొకరి పాలు కలిసియున్నది. అదియే వారి అంతమునకు హేతువాయెను.

3. రెండవసారి దులపరాదు

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలకు బుద్ధి చెప్పవలెనని నేను తలంచితిని. లేవీయకాండము 19వ అధ్యాయము తీసి, 9, 10 వచనములు చదువుమని మా పెద్దమ్మాయికి చెప్పితిని. పొలము కోయునప్పుడు అంచుల వరకు కోయరాదనియు, రాలిన పరిగెను ఏరుకొనరాదనియు, ద్రాక్షతోటలో పండ్లన్నియు కూర్చుకొనరాదనియు, అవి బీదలకును పరదేశులకును విడువవలెననియు అక్కడ ఉన్నది.

మా నడిపివాడు వెంటనే, "అమ్మా, గుట్ట పొలం కాదు గదా. పోరంబోకు. అందరిదీ గదా?" అని అడిగెను.

నాకు తోచక ముందే వాని తండ్రి పలికిరి: "ఒరే, పొలం గలవాడికే అంచులు నీవి కావని దేవుడు చెప్పాడు. పొలమే లేని మనకు పొద మొత్తం మనదని ఎవరు చెప్పారు?"

చదువరులారా, ఈ మాటను మనము నిదానముగా ఆలోచింపవలెను. ధర్మశాస్త్రమందలి ఈ ఏర్పాటు భిక్ష కాదు. భిక్షలో ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. పరిగెలో అట్లు కాదు. బీదవాడు తానే పొలములోనికి వచ్చి, తన చేతులతో ఏరుకొని, తన కష్టముతో తన గంప నింపుకొనును. పొలము యజమాని చేయవలసినదెల్ల అంచు విడిచిపెట్టుటయే. రూతు బోయజు పొలములో ఏరుకొనినప్పుడు తలవంచుకొని అడుగుకొనెడి బిచ్చగత్తె కాదు; ప్రొద్దుటినుండి సాయంకాలము వరకు పని చేసినది (రూతు 2:17). బోయజు తన పనివారితో, కొన్ని పనలు కావలెననియే జారవిడువుడని చెప్పెను. ఇచ్చినట్లు తెలియకుండ ఇచ్చుట ఆయన నేర్చుకొన్న మర్యాద.

ద్వితీయోపదేశకాండము ఇంకను సూక్ష్మముగా చెప్పును. ఒలీవ చెట్టును ఒకసారి దులిపిన తరువాత మరల కొమ్మలు వెదకరాదు (24:20). పొరుగువాని ద్రాక్షతోటలో ఆకలి తీర తినవచ్చును గాని పాత్రలో వేసికొని పోరాదు (23:24). తల్లిపక్షియు పిల్లలును కలసియున్న గూడు కనబడినచో తల్లిని విడిచిపెట్టవలెను (22:6–7). ఈ మూడింటికిని సూత్రము ఒక్కటే. నీ చేయి ఎంతవరకు పోగలదో అంతవరకు పోనియ్యకుము. రేపటికి కొంత, ఇతరులకు కొంత, పక్షికి కొంత ఉండనిమ్ము. దీనికి కారణమును దేవుడు తానే తెలిపెను: మీరును ఒకప్పుడు ఐగుప్తులో దాసులై యుంటిరని (24:22). లేమిని ఎరిగినవాడు లేనివారికి చోటు విడువవలెను.

మా నడిపివాడు తల వంచుకొని, "పండినవి మాత్రమే ఏరుకోవాల్సింది" అనెను. నేను చెప్పవలెననుకొన్న పాఠము ముగిసినదని తలంచి బైబిలు మూయబోతిని.

4. పదుమూడవ వచనము

అయితే మా పెద్దమ్మాయికి ఒక అలవాటు కలదు. చదువ నారంభించినచో పేరా చివరవరకు చదివినగాని ఆపదు. అట్లు ఆమె 11, 12 వచనములు చదివి, 13వ వచనమునకు వచ్చెను. కూలివాని కూలి మరునాటి ప్రొద్దువరకు నీయొద్ద నిలిచియుండరాదని అక్కడ దేవుడు ఆజ్ఞాపించుచున్నాడు.

మా చిన్నది క్రింద పరచిన క్రొత్త బొంతమీద పండుకొని వినుచుండెను. అది లేచి కూర్చుండి, "అమ్మా, అవ్వకు బొంతల డబ్బులిచ్చామా?" అనెను.

ఇంటిలో ఎవరును మాటలాడలేదు.

మే నెల రెండవ వారమున ఆ అవ్వయే మా వరండాలో ఏడు దినములు కూర్చుండి మాకు రెండు బొంతలు కుట్టినది. పాత చీరలను నాలుగు మడతలుగా నేలమీద పరచి, మూలలకు రాళ్లు పెట్టి, ముడతలు లేకుండ చేతితో సవరించుచు, అంచునుండి నడిమికి వరుసలు వరుసలుగా కుట్టుకొని వచ్చినది. చూపు మందగించినందున దారమెక్కించుటకు మా చిన్నదానిని పిలుచుచుండెను. బొంతకు నాలుగు వందల చొప్పున ఎనిమిది వందలు ఇయ్యవలెను. "ఒకటో తారీఖున ఇస్తాను అవ్వా" అని నేను చెప్పితిని. ఒకటవ తారీఖు వచ్చినది. జీతము వచ్చినది. పిల్లల పుస్తకములు, బస్సు రుసుము, బియ్యము బస్తా అని ఖర్చు పెట్టితిని. అవ్వ అడుగలేదు గదా, వచ్చే నెల ఇయ్యవచ్చునని మనస్సులో అనుకొంటిని.

ఎనిమిది వందలు మా ఇంటికి పెద్ద మొత్తము కాదు. కనుకనే వాయిదా వేయుట అంత సులభమాయెను. ఆమెకు అదియే ట్రంకుపెట్టె. ద్వితీయోపదేశకాండము 24:15 ఈ మర్మమునే చెప్పుచున్నది: కూలివాడు పేదవాడు గనుక వాని ప్రాణము ఆ కూలిమీదనే ఉన్నదని. మనకు చిల్లరగా తోచినదానిమీద ఒకరి ప్రాణము నిలిచియుండవచ్చును.

ఇంకొక మాట కూడ చెప్పవలెను. ఆ రాత్రి నా బల్లమీద ఆదివారపు స్త్రీల కూడికకు నేను సిద్ధపరచిన పాఠము ఉండెను. ఆ పాఠము పేరు "దొర్కా సూది." దొర్కాను పొగడుచు నాలుగు పుటలు వ్రాసి, మా వీధిలోని దొర్కాకు కూలి ఎగవేసినదానను నేనే. పిల్లలు పొదను దులిపిరి; నేను వరండాను దులిపితిని. ఆమోసు చూచిన గంప మా ఇంటిలోనే ఉండెను.

5. సూదిని ప్రభువు చూచుచున్నాడు

దొర్కా యొక్క కథను మనమందరము ఎరుగుదుము. యొప్పే పట్టణములో ఒక శిష్యురాలు. అరామయిక భాషలో తబితా, గ్రీకులో దొర్కా. రెండింటి అర్థమును జింకయే. ఆమె మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన వస్త్రములను పేతురునకు చూపిరి. లూకా అక్కడ వాడిన గ్రీకు క్రియ ఒక్కసారి చేసి ముగించిన పనిని సూచింపదు. మరల మరల చేయుచు వచ్చిన పనిని సూచించును. ఆమె వారితో ఉన్నంతకాలము కుట్టుచునే ఉండెను. ఆమె చేసిన ఒక ప్రసంగమైనను బైబిలులో లేదు. ఆమె కుట్లే సాక్ష్యమిచ్చినవి.

ఈ కథ చదివిన తరువాత 19వ శతాబ్దిలో అనేక సంఘములలో దొర్కా పేరట స్త్రీల కుట్టు సమాజములు ఏర్పడినవి. మన దేశములోను మిషనరీ స్త్రీలు పేద స్త్రీలకు సూది పని నేర్పిరి. నరసాపురపు లేసు అల్లికలు ఆ 19వ శతాబ్దపు మిషను పనినుండియే గోదావరి సీమలో వ్యాపించినవి. మంచి తలంపుతో నేర్పిన విద్య అది. అయితే కాలక్రమమున ఆ లేసు విదేశములకు పోయి వ్యాపారమైనప్పుడు, లాభము ఎక్కడికి పోయినది? మరియా మీస్ అను జర్మనీ దేశపు పండితురాలు నరసాపురపు లేసు పనివారినిగూర్చి 1982లో ఒక గ్రంథము ప్రచురించెను. ఇంటి పనులు చేసికొనుచునే దినమంతయు అల్లు ఆ స్త్రీలకు దక్కు కూలి ఎంత స్వల్పమో ఆమె చూపెను. ఇంటిలో కూర్చుండి చేయు పని గనుక అది పని కాదు, తీరిక వేళ కాలక్షేపమని ఎంచుటయే దానికి ముఖ్య కారణమని ఆమె వ్రాసెను. వరండాలో కూర్చుండి కుట్టిన బొంతను నేను ఎంచినదియు అట్లే గదా!

సూది నేర్పుట ప్రేమయే. సూదికి తగిన కూలి సమయమునకు ఇయ్యకపోయినచో ఆ ప్రేమ సగములోనే నిలిచిపోవును. పనివారికి ఇయ్యక బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుననియు, ఆ మొఱ్ఱ సైన్యముల ప్రభువు చెవిని చేరుననియు యాకోబు వ్రాసెను (5:4). పనిమనిషి నోరు తెరువకపోయినను, మనయొద్ద నిలిచిన ఆ డబ్బే నోరు తెరుచును.

మన ఒంగోలు సీమ సంఘముల చరిత్రలో దీనికి మంచి మాదిరి ఉన్నది. 1876–78 నాటి గొప్ప కరవులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకపు పనిని కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపి కూలి ఇచ్చెను. తిండి కొరకు క్రైస్తవులైరను మాట రాకుండునట్లు కరవు కాలమున బాప్తిస్మములు నిలిపెను. కరవు తీరుచున్నప్పుడు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన తాతముత్తాతలలో అనేకులు సువార్తను వినుటకు ముందో వెనుకనో, న్యాయమైన కూలిని కూడ ఆ చేతులనుండి పొందిరి. ఆ సంఘపు బిడ్డలమైన మనము కూలిని నిలిపియుంచుట తగునా?

6. ఆ రాత్రి

మేము పాటతో ప్రార్థన ముగింపలేదు. డబ్బాలో దాచియుంచిన సొమ్ము తీసి, పండ్ల గంపను నడిపివాని నెత్తిన పెట్టి, టార్చిలైటు వెలుగున అందరమును అవ్వ గుడిసెకు పోతిమి. అప్పటికి తొమ్మిది గంటలు దాటినది. కలివి పండ్లు రెండవ దినమునకే మెత్తబడి పాడగును. తెల్లవారి బస్సుకు ఆమె వాటిని తీసికొనిపోగలదని మా ఆలోచన.

అవ్వ దీపము వెలుగున రూపాయలు రెండుసార్లు లెక్కపెట్టినది. పిమ్మట, "అడగటానికి మొహం చెల్లలేదు టీచరమ్మా. రోజూ మీ వాకిటిదాకా వచ్చి తిరిగిపోయినా" అనెను.

ఆమె నన్ను నిందించి యుండినచో నాకు ఇంత నొప్పి కలుగకపోవును. పదిహేను ఇరువది దినములు ఒక వృద్ధురాలు నా గుమ్మము వరకు వచ్చి, న్యాయముగా తనకు రావలసినది అడుగలేక మరలిపోయినది. ఆ దినములన్నిటిలోను మా ఇంటిలో ఉదయ సాయంకాలములు ప్రార్థన జరుగుచునే ఉండెను.

మా పిల్లలు క్షమింపుమని అడుగగా, అవ్వ గంపలోనుండి ఒక గ్లాసెడు పండ్లు కొలిచి వారి చేతిలో పోసినది. "ముళ్లు గుచ్చుకొని తెచ్చినారు గదా, ఇది మీ పాలు" అనెను. ఆమె ధర్మశాస్త్రము చదువుకొన్నది కాదు. అయినను ఇతరుల పాలు విడుచుట ఎట్లో ఆమెకు తెలిసియుండెను.

7. లోపల మడిచిన గుడ్డ

మరునాడు నేను యూనిఫారములు సవరించుటకు కూర్చుంటిని. మీలో తల్లులందరును ఈ పని ఎరుగుదురు. గౌను కుట్టించునప్పుడు అడుగున నాలుగు వ్రేళ్ల గుడ్డ లోపలికి మడిపించుదుము. ఏటేట ఆ మడత కొంత విప్పి పొడవు పెంచుదుము. పాత మడత గీత గౌనుమీద ఒక చారగా నిలిచిపోవును. బిడ్డ పెరిగినదనుటకు అదియే గుర్తు.

హన్నా ఏటేట చిన్న అంగీ కుట్టి షిలోహులో నున్న సమూయేలునకు తీసికొనిపోవుచుండెను (1 సమూయేలు 2:19). సంవత్సరమునకు ఒక్కసారి మాత్రమే చూచు కుమారునికి కొలత ఎట్లు తీసికొనెనో! నిరుటి పొడవునకు ఈ యేటి పెరుగుదలను ప్రేమతోనే ఊహించి కుట్టవలెను. కనబడని యెదుగుదలకు ముందుగానే చోటు విడుచుట విశ్వాసము.

ఆ మడత విప్పుచుండగా నాకు ఒక సంగతి తోచెను. పొలమునకు అంచు ఎట్టిదో, గౌనుకు మడత అట్టిది. మన బిడ్డ యెదుగుటకు గుడ్డ మిగిల్చి కుట్టుట మనకు ఎవరును నేర్పనక్కరలేదు. పొరుగువారి బిడ్డ యెదుగుటకు పొదలో పండ్లు మిగుల్చుటను, వేళకు కూలి ఇచ్చుటను మాత్రము దేవుడు ఆజ్ఞగా నేర్పవలసివచ్చెను. నా హృదయములో ఆ మడత లేకపోయెను. అంచు వరకు నా వారి కొరకే కోసికొంటిని.

ఆ ఆదివారమున స్త్రీల కూడికలో నేను వ్రాసిన నాలుగు పుటలు చదువలేదు. జరిగినది చెప్పితిని. కూడిక ముగిసిన తరువాత ఇద్దరు సహోదరీలు మారు మాటలాడక తిన్నగా తమ ఇండ్లకు పోయి, ఒకరు చాకలికి, ఒకరు పాలమ్మికి రావలసిన బాకీలు తీర్చి వచ్చిరి. ఆ మధ్యాహ్నము మా సంఘములో జరిగిన ప్రసంగము అదియే.

జూన్ రెండవ వారమున బడులు తెరిచినవి. అవ్వ మనుమరాలు నీలిరంగు ట్రంకుపెట్టెతో బస్సెక్కినది. మా పిల్లలు మరల గుట్టకు పోయినప్పుడు కర్ర తీసికొనిపోలేదు. పొదలమీద ఎర్రనివి ఇంకను ఉన్నవని చెప్పిరి.

ప్రియులారా, వేసవి ముగియుచున్నది. మన గంపలు ఇంటికి వచ్చినవి. వానలు పడక మునుపే గంపను ఒకసారి క్రింద దింపి, అందులో ఎవరి పాలు ఉన్నదో చూచుకొందము. ఇచ్చుటకు ఇంకను ఒక సాయంకాలము మిగిలియుండుట దేవుని కృప.

కుటుంబములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఆమోసు కాలపు ప్రజలు పండుగలు ఆచరించుచుండగా దేవుడు వారిమీద ఎందుకు కోపగించెను?

2. పరిగె విడుచుటకును భిక్ష వేయుటకును భేదమేమి? రూతు 2వ అధ్యాయమునుండి చూపుడి.

3. మన ఇంటిలో పని చేయువారెవరెవరు? వారిలో ఎవరికైనను మనము "రేపు" అని చెప్పియున్నామా?

4. పిల్లలారా, మీరు పండ్లు కోయు చెట్టునుండి ఇంకెవరు కోసికొందురు? ఏ పక్షులు తినును?

5. దొర్కా చేతిలో సూది ఉండెను. మీ చేతిలో ఏమి ఉన్నది?

ఈ నెల చేయవలసిన పని

నేటి సూర్యాస్తమయమునకు ముందు, ఇయ్యవలసిన ఒక కూలిని ఇచ్చి రండు. ఇంటిలోని పాత బట్టలలో మంచివి ఏరి, గుండీలు వేసి, ఉతికి, ఇస్త్రీ చేసి, బడికి పోవు ఒక బిడ్డకు తల్లి చేతి ద్వారా చేర్చుడి. ఇచ్చినట్లు ఎవరికిని చెప్పకుడి.

ప్రార్థన

పొలములకును పొదలకును యజమానుడవైన తండ్రీ, మా గంపలు నింపినందుకు నీకు స్తోత్రము. ఇతరుల పాలు మాయొద్ద నిలిచియుండగా నిన్ను స్తుతించిన మా పెదవులను క్షమింపుము. అడుగలేక మా గుమ్మమునుండి మరలిపోయినవారిని మాకు చూపుము. వారి యొద్దకు ఈ రాత్రియే పోవుటకు మాకు కాళ్లిమ్ము. మా పిల్లలకు విడిచిపెట్టుటలోని సంతోషమును నేర్పుము. అంచు వరకు కోసికొనక, తన్నుతాను మాకు అప్పగించుకొన్న నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.